మనిషి పరీక్ష, కుక్క జబ్బు

మగవాళ్లకు వృషణంలో గట్టి గడ్డ తగిలితే క్యాన్సర్ డాక్టర్లు ఆపరేషన్‌కు ముందే మూడు రక్తపరీక్షలు చేయిస్తారు. ఆల్ఫా ఫీటోప్రోటీన్ (ఏఎఫ్‌పీ), బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. గడ్డ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఇలాంటి పదార్థాలనే ట్యూమర్ మార్కర్లంటారు. వృషణం తీసేశాక హెచ్‌సీజీ రోజుకో, రోజున్నరకో సగానికి పడిపోవాలి. ఏఎఫ్‌పీ సగమవడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అలా పడకపోతే జబ్బు ఒంట్లో ఇంకెక్కడో మిగిలి ఉందని చాలాసార్లు స్కానింగ్‌కన్నా ముందే తెలిసిపోతుంది. రోగి బతికే అవకాశాలను అంచనా కట్టే అంతర్జాతీయ పద్ధతిలో 1997 నుంచి ఈ మూడు అంకెలూ ఉన్నాయి. 1970ల్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ బృందం సిస్‌ప్లాటిన్‌తో చేసిన చికిత్స తర్వాత, ఒళ్లంతా పాకిన వృషణ క్యాన్సర్ కూడా నయం చేయగలిగే జబ్బయింది. ఆ విజయంలో మార్కర్ల పాత్ర చిన్నదేం కాదు.

ఇప్పుడవే పరీక్షల కాగితాలు కుక్కల ఫైళ్లలో కనబడుతున్నాయి. ఇంట్లో పెంచుకునే ముసలి మగకుక్కకు ఒక బీజం (వృషణం) పెద్దదైంది. యజమాని తెలిసినవాళ్లను అడిగి, మనుషుల ల్యాబ్‌కు రక్తం పంపించి, ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ చేయించాడు. 'నార్మల్' అని రాగానే గడ్డ సంగతి పక్కన పెట్టేశాడు. పశువైద్యంలో పాథాలజీ నా పని. అలా పక్కన పెట్టిన గడ్డలు ఆలస్యంగా నా బల్ల మీదికి వస్తుంటాయి. యజమాని ప్రేమ కొద్దీ, ఖర్చుకు వెనకాడకుండా చేసిన పనే అది. కానీ కుక్క విషయంలో ఆ 'నార్మల్'కు అర్థం లేదు. అర్థం లేకపోవడంతో ఆగడం లేదు, లేని ధైర్యాన్నిస్తోంది. నా ఆందోళనంతా అక్కడే.

హెచ్‌సీజీ సంగతే చూడండి. గర్భంలో మావి తయారుచేసే హార్మోను అది. ఈ తరహా హార్మోను క్షీరదాలన్నిట్లో మనిషి, కోతి ఉన్న ప్రైమేట్లకూ, గుర్రం, గాడిద ఉన్న కుటుంబానికీ మాత్రమే ఉంది. కుక్కకు లేదు. ఒంట్లో పుట్టనే పుట్టని పదార్థం రక్తంలో లేదని చెప్పే రిపోర్టు గడ్డ గురించి ఏమీ చెప్పదు. ఏఎఫ్‌పీ కుక్కల్లోనూ ఉంటుంది, అయితే అది ఎక్కువగా కాలేయానికి సంబంధించిన కథ. మనుషుల్లో దాన్ని పెంచే యోక్ శాక్ తరహా వృషణ కణితి కుక్కల్లో అత్యంత అరుదు. ఎల్‌డీహెచ్ కండరం దెబ్బతిన్నా, కాలేయం వాచినా, ఆఖరికి సీసాలో రక్తకణాలు చితికినా పెరుగుతుంది. దాన్నిబట్టి వృషణం గురించి మాట్లాడలేం.

అసలు తేడా జబ్బులోనే ఉంది. మగవాళ్లలో వృషణ క్యాన్సర్ ఎక్కువగా యువకుల్ని పట్టుకుంటుంది. అందులో దాదాపు 95 శాతం బీజకణాల నుంచి పుట్టేదే. కుక్కల్లో ఇది ముసలితనపు జబ్బు, పదేళ్ల వయసు చుట్టూ ఎక్కువ. అక్కడ మూడు రకాలు పోటీపడతాయి. బీజకణాల నుంచి పుట్టేది సెమినోమా. ఆ కణాలకు పోషణనిచ్చే సెర్టోలి కణాల నుంచి పుట్టేది సెర్టోలి కణితి. టెస్టోస్టిరాన్ తయారుచేసే కణాల నుంచి పుట్టేది లైడిగ్ కణితి. ఒకే కుక్కకు ఒక బీజంలో ఒకటి, రెండోదాంట్లో ఇంకోటి ఉండటం మాకు కొత్త కాదు. ఒకే బీజంలో రెండు రకాలు కలిసే ఉన్నవీ చూస్తాం. ఇదంతా ఎంత మామూలు జబ్బో తెలియాలంటే 2008లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన లెక్క చూడాలి. 232 కుక్కల వృషణాలను పరీక్షిస్తే 27 శాతం కుక్కల్లో ఏదో ఒక కణితి ఉంది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది సాధారణంగా ప్రాణానికి ముప్పులేని లైడిగ్ కణితి.

ముప్పు సెర్టోలి కణితితో. అదీ చాలామంది అనుకునే దారిలో రాదు.

క్యాన్సర్ అనగానే అది ఊపిరితిత్తులకో కాలేయానికో పాకుతుందని భయపడతాం. కుక్క వృషణ కణితులు ఆ భయాన్ని అంతగా నిజం చేయవు. సెర్టోలి, సెమినోమా రెండూ పాకేది 15 శాతంకన్నా తక్కువ కుక్కల్లోనే. పాకితే గజ్జల్లో, నడుము కింద లోపలి లింఫ్ గ్రంథుల్లోకి ముందు, ఆ తర్వాత కాలేయం, ఊపిరితిత్తుల వంటి చోట్లకు. లైడిగ్ కణితి పాకడం అరుదు. ఈ అంకెలు నిజమే. ఈ నిజం చెప్పే 'తొందరేం లేదు, ముసలిది కదా, చూద్దాంలెండి' అంటున్నారు. ఆ మాటే కుక్కల్ని చంపుతోంది. ఎందుకంటే సెర్టోలి కణితి ఎక్కడికీ పాకకుండా, పుట్టినచోటే కూర్చుని చంపగలదు.

దాని ఆయుధం ఈస్ట్రోజన్. కణితి ఆడ హార్మోనును తయారుచేయడం మొదలుపెడుతుంది. అసలు టెస్టోస్టిరాన్ తగ్గిపోతుంది. మగకుక్క రొమ్ములు ఉబ్బుతాయి. నడుము పక్కల, తొడల వెనక, రెండువైపులా ఒకేలా బొచ్చు రాలుతుంది, దురద ఉండదు. రెండో బీజం కుంచించుకుపోతుంది. పురుషాంగం తొడుగు వేలాడుతుంది. ఇతర మగకుక్కలు దీన్ని ఆడకుక్క అనుకుని వెంటపడతాయి. కొన్ని కాలెత్తడం మానేసి కూర్చుని మూత్రం పోస్తాయి. యజమానులకు ఇవన్నీ విడివిడిగా కనబడతాయి. బొచ్చు ఊడుతోందని చర్మం మందులు వాడతారు, షాంపూలు మారుస్తారు, థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. నెలలు గడుస్తాయి.

ఆ నెలల్లో ఈస్ట్రోజన్ ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తుంది. రక్తకణాలన్నీ పుట్టేది అక్కడే. ఈ హార్మోనుకు కుక్క మూలుగ చాలా సున్నితం. మొదట ప్లేట్‌లెట్లు తగ్గడం మొదలవుతుంది. అదే సమయంలో తెల్లకణాలు కొన్నాళ్లు విపరీతంగా పెరుగుతాయి. అది చూసి ఇన్‌ఫెక్షన్ అనుకుంటారు. ఆ పెరుగుదల ఆగి తెల్లకణాలూ పడిపోతాయి. చివరికి ఎర్రకణాలు. చిగుళ్లు పాలిపోతాయి, పొట్ట మీద ఎర్రని చుక్కలు లేస్తాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. మూలుగ ఈ స్థితికి వచ్చాక గడ్డను తీసేసినా కోలుకునే కుక్కలు తక్కువ. కోలుకున్నా వారాలు, ఒక్కోసారి నెలలు రక్తం ఎక్కిస్తూ, ఇన్‌ఫెక్షన్లు రాకుండా కాపాడుకుంటూ నడిపించాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇది మరింత ప్రమాదకరం కావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మన దగ్గర కుక్కకు ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మొదట గుర్తొచ్చేది పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్. ఎర్లిచియా కేనిస్ అనే సూక్ష్మజీవి చేసే పని అది. ముదిరితే అదీ మూలుగనే దెబ్బతీస్తుంది, అదే ముక్కు రక్తం, అవే చుక్కలు. పిడుదుల్లేని కాలం మనకు లేదు కాబట్టి ఆ అనుమానం సబబే. కానీ వెంటనే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు రాసి, చేయి కింద పెట్టి బీజాలు చూడకుండా పంపించేస్తే? టిక్ ఫీవర్‌కు క్లినిక్‌లో చేసే త్వరిత పరీక్ష చాలావరకు యాంటీబాడీలను పట్టుకుంటుంది. అవి జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి రక్తంలో ఉంటాయి. మన ఊళ్లలో పెరిగిన కుక్కకు పాజిటివ్ రావడం పెద్ద విశేషం కాదు. ఆ పాజిటివ్ వెనక సెర్టోలి కణితి దాక్కోవచ్చు. మందు వేస్తున్నా ప్లేట్‌లెట్లు లేవడం లేదంటే ఇంకో కోర్సు రాయడానికి ముందు బీజాలు రెండూ వృషణాల సంచిలో ఉన్నాయా, రెండూ ఒకే సైజులో ఉన్నాయా అని చూడాలి. దానికి పట్టేది అర నిమిషం.

మరి కుక్కకు పనికొచ్చే మార్కర్ లేదా అంటే, దారిలో ఉన్నాయి. రక్తంలో ఈస్ట్రాడయాల్ కొలవడం అందరికీ తోచేది. అది రోజులోనే ఎక్కువ తక్కువలవుతుంది. ఆడలక్షణాలు స్పష్టంగా ఉన్న కుక్కల్లో కూడా చాలాసార్లు మామూలు హద్దుల్లోనే కనబడుతుంది. టెస్టోస్టిరాన్‌తో దాని నిష్పత్తి కొంత మెరుగు. 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు సెర్టోలి కణితి ఉన్న కుక్కల రక్తంలో ఇన్‌హిబిన్ అనే హార్మోను బాగా పెరిగిందని చూపించారు. 2015లో స్వీడన్‌లో బోడిల్ స్ట్రోమ్ హోల్స్ట్, ఉల్రికా డ్రైమానిస్ యాంటీ ముల్లేరియన్ హార్మోను (ఏఎంహెచ్) మీద చేసిన పని నాకు అన్నిటికన్నా ఆశాజనకంగా కనిపించింది. సెర్టోలి కణాలు పిండదశలో ఈ హార్మోనును ఎక్కువగా వదులుతాయి, ఈడు వచ్చాక తగ్గిస్తాయి. కణితిగా మారిన సెర్టోలి కణాలు మళ్లీ వదలడం మొదలుపెడతాయి. మామూలు కుక్కలకన్నా, ఇతర వృషణ జబ్బులున్న కుక్కలకన్నా సెర్టోలి కణితి ఉన్నవాటిలో ఇది స్పష్టంగా ఎక్కువగా తేలింది. అయితే పరీక్షించిన కుక్కల సంఖ్య చిన్నది.

ఏఎంహెచ్ పరీక్ష మన నగరాల్లో కొరతేం కాదు, సంతాన సాఫల్య కేంద్రాలన్నీ చేయిస్తాయి. అందుకే ముందే ఒక హెచ్చరిక. మనుషుల కోసం చేసిన కిట్ కుక్క రక్తంలో సరిగ్గా కొలుస్తుందని ముందు రుజువు కావాలి. రిపోర్టులో పక్కన అచ్చువేసిన హద్దులు ఆడవాళ్లవి, కుక్కవి కావు. సరిగ్గా చేస్తే మాత్రం ఒక చోట దీని ఉపయోగం గొప్పది. దత్తత తెచ్చుకున్న మగకుక్కకు సంచి ఖాళీగా ఉంది, ఆపరేషన్ అయిందో, బీజాలు కడుపులో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఏఎంహెచ్ ఉందంటే వృషణ కణజాలం ఒంట్లో ఎక్కడో ఉన్నట్టే.

పాథాలజిస్టులకు మార్కర్లు అసలు ఉపయోగపడేది రక్తంలో కాదు, గాజుపలక మీద. కోసిన ముక్కకు ఇన్‌హిబిన్, మెలాన్-ఎ, కిట్ వంటి ప్రొటీన్ల రంగులు వేసి ఏ కణం నుంచి పుట్టిందో తేలుస్తాం. ఇక్కడ కూడా మనిషి పాఠం పూర్తిగా సరిపోదు. 1994లో లాయెంగా తదితరులు కుక్కల సెమినోమా మగవాళ్లలో కనబడే మామూలు సెమినోమాను పోలడం లేదని, పెద్దవయసులో వచ్చి చాలా అరుదుగా పాకే స్పెర్మటోసైటిక్ రకానికి దగ్గరగా ఉందని వాదించారు. ఆ తర్వాత కొన్ని ప్రయోగశాలల్లో కొన్ని కుక్కల సెమినోమాలు మనుషుల మామూలు రకం రంగులను కూడా పట్టాయి. చర్చ తెగలేదు. అది తెగేదాకా ప్రతి సెమినోమాను అనుమానంతోనే చూడటం సరైనదని నా అభిప్రాయం.

ఖర్చులేని గుర్తులు కొన్ని ఉన్నాయి. ల్యాబ్‌కు పరుగెత్తేవాళ్లు వాటిని దాటిపోతున్నారు. ఈస్ట్రోజన్ పెరిగిన కుక్కకు తొడుగు కింది మధ్యగీత వెంట సంచివైపుగా సన్నని ఎర్రటి లేదా నల్లటి చార కనబడవచ్చు. దురద లేని, రెండువైపులా ఒకేలా ఊడిన బొచ్చుతో పాటు అది ఉంటే వృషణ కణితి కోసం వెతకాల్సిందే. తొడుగు లోపలి పొర నుంచి దూదిపుల్లతో కణాలు తీసి పలక మీద రాసి చూస్తే, ఎదకొచ్చిన ఆడకుక్క యోనిలో కనబడే చదునైన గట్టి కణాలే కనబడతాయి. హార్మోను ఎంత ఉందన్నది కాదు, ఒంటి మీద ఏం చేస్తోందన్నది ఇది చూపిస్తుంది. చిన్న ఊళ్లోని క్లినిక్‌లో సూక్ష్మదర్శిని ఉంటే చాలు.

ఇక ఈ జబ్బులో ముందుగానే చూసి ఆపగలిగిన భాగానికి వస్తాను. మగ కుక్కపిల్ల పుట్టిన కొద్దిరోజులకే బీజాలు కడుపులోంచి సంచిలోకి దిగడం మొదలవుతుంది. రెండు నెలలకల్లా రెండూ చేతికి తగలాలి. ఆరు నెలలకు కూడా దిగలేదంటే ఇక దిగదు. అలా గజ్జల్లోనో కడుపులోనో ఆగిపోయిన బీజంలో కణితి పుట్టే ముప్పు మామూలు కుక్కకన్నా దాదాపు 13 రెట్లు ఎక్కువని పరిశోధకులు హేస్, పెండర్‌గ్రాస్ 1976లోనే చెప్పారు. వాళ్లు చూసింది 410 కుక్కల వివరాలు. అలా పుట్టేవి సెర్టోలి, సెమినోమా, అంటే ప్రమాదకరమైన రెండూ. పైగా సెర్టోలి కణితి ఎక్కడుందన్నదాన్నిబట్టి హార్మోను ఉపద్రవం మారుతుంది. సంచిలో ఉన్న కణితుల్లో ఆడలక్షణాలు కనబడేది ఆరింట ఒకటి. గజ్జల్లో ఉంటే సగం. కడుపులో ఉంటే 70 శాతం దాకా. చేతికి అందని చోట పెరిగేదే అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. కడుపులో పెరిగిన బీజం ఒక్కోసారి తన తాడు చుట్టూ తానే మెలితిరిగి, కుక్కను విపరీతమైన నొప్పితో పడేస్తుంది.

తెలుగు ఇళ్లలో ఎంతో ఇష్టంగా పెంచే పామరేనియన్, ఇంకా జర్మన్ షెపర్డ్, బాక్సర్ వంటి జాతుల్లో బీజం దిగని ఈ లోపం ఎక్కువ. ఇది వంశపారంపర్యం, తల్లివైపు నుంచి కూడా వస్తుంది. కుక్కల జాతి ప్రమాణాలు ప్రచురించే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రతి జాతి ప్రమాణంలోనూ మగకుక్కకు రెండు బీజాలూ పూర్తిగా సంచిలోకి దిగి ఉండాలన్న వాక్యం ఉంది. అయినా ఒక్క బీజం దిగిన కుక్కలను క్రాసింగ్‌కు వాడుతూనే ఉన్నారు, ఎందుకంటే దిగిన ఆ ఒక్కటీ పిల్లల్ని పుట్టించగలదు. బీజం దిగడానికంటూ కుక్కపిల్లలకు హార్మోను ఇంజక్షన్లు ఇస్తున్నారు. అవి పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పనిచేసినా లోపాన్ని కప్పిపెట్టి తర్వాతి తరానికి అంటగట్టడమే. ఇంకో తప్పు మా వృత్తిలోనే జరిగే అవకాశం ఉంది. దొరికిన బీజాన్ని తీసేసి, దాగిన రెండోదాన్ని వెతకకుండా వదిలేయడం. అది సగం పని కాదు. ప్రమాదకరమైన సగాన్ని కుక్కలోనే ఉంచేయడం.

మామూలుగా దిగిన రెండు ఆరోగ్యమైన బీజాల విషయంలో నేనింత గట్టిగా మాట్లాడను. అన్ని మగకుక్కలకూ పసితనంలోనే ఆపరేషన్ చేసేయమని చెప్పడానికి ఆధారాలు ఒప్పుకోవు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు గోల్డెన్ రిట్రీవర్లలో మరీ చిన్నప్పుడు చేసిన ఆపరేషన్ కీళ్ల జబ్బులను పెంచిందని చూపించారు. అలాంటి కుక్కకు నెలకోసారి చేత్తో తడిమి చూడటం, ఏడేళ్లు దాటాక ఏటా ఒకసారి పశువైద్యుడికి చూపించడం చాలు. దాగిన బీజానికి మాత్రం వేచిచూసే హక్కు మనకు లేదు. ఒళ్లు ఎదిగాక, ఏడాది రెండేళ్ల వయసులో అది బయటికి రావాలి.

ఈ వృషణాల సమస్య కుక్కలతో ఆగే విషయం కాకపోవచ్చునని అనిపించే ఆధారాలు రెండున్నాయి. వియత్నాం యుద్ధంలో పనిచేసిన అమెరికా సైనిక కుక్కల శవపరీక్షల రికార్డులను హేస్ బృందం 1990లో విశ్లేషించింది. అక్కడికి వెళ్లని సైనిక కుక్కలకన్నా వాటిలో సెమినోమా దాదాపు రెట్టింపు ఉందని తేలింది. 2016లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లీ బృందం, ఒకే బ్రీడింగ్ కేంద్రంలోని కుక్కలను 26 ఏళ్లు గమనించిన ఫలితాలు ప్రచురించింది. వీర్యకణాల చలనం తగ్గుతూ వచ్చింది. బీజం దిగని మగ కుక్కపిల్లలు పెరుగుతూ వచ్చాయి. ప్లాస్టిక్‌ను మెత్తబరచే డీఈహెచ్‌పీ, పాత విద్యుత్ పరికరాల్లో వాడిన పీసీబీ ఆ ప్రాంతపు కుక్కల వృషణాల్లోనూ, వీర్యంలోనూ, కుక్కల కోసం అమ్మే కొన్ని ఆహారాల్లోనూ దొరికాయి. ఇవే కారణమని ఆ అధ్యయనాలు తేల్చలేదు, నేనూ తేల్చను. కానీ కుక్క మన ఇంట్లోనే పడుకుంటుంది, మన నీళ్లే తాగుతుంది, మన గాలే పీలుస్తుంది. దాని బీజాల్లో ఏం జరుగుతోందో మన రాష్ట్రాల్లో ఎవరో ఒకరు వరసగా లెక్క రాసిపెట్టాలి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలున్నాయి. తీసిన ప్రతి గడ్డా అక్కడికి చేరితే ఆ లెక్క దానంతటదే తయారవుతుంది. ఇప్పుడు వాటిలో చాలావరకు చెత్తబుట్టలోకి పోతున్నాయి.

మగకుక్కను పెంచుతున్నవాళ్లను అడిగేది ఇంతే. సంచిలో రెండు బీజాలున్నాయో లేదో చూడండి. ఒకటే ఉంటే, లేదా ఒకటి పెరిగి ఒకటి చిక్కిపోతే వారాలు ఆగకండి. ఆపరేషన్‌కు ముందు రక్తకణాల లెక్క చేయించండి, ప్లేట్‌లెట్లను యంత్రానికి వదలకుండా పలక మీద కూడా చూడమనండి. పొట్ట లోపలి గ్రంథులకు అల్ట్రాసౌండ్, ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీయించండి. రెండు బీజాలనూ తీయించండి. తీసినదాన్ని ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపమని నోరు తెరిచి అడగండి. బీజం దిగని కుక్కను క్రాసింగ్‌కు ఎవరడిగినా ఇవ్వకండి.